లీటరు సముద్రపు నీటి నుంచి ఉప్పు తీయడం ఎలా?

సముద్రపు నీటిని మరిగిస్తే ఉప్పు మిగులుతుందని బడికి వెళ్ళే పిల్లలందరికీ తెలుసు. అయితే విశాఖపట్నం తీరం నుంచి సీసాడు నీళ్ళు ఇంటికి తెచ్చి, చుక్క మిగలకుండా మరిగించి చూసినవారికి దక్కేది మాత్రం వంటింటి డబ్బాలో ఉండే తెల్లని పొడి ఉప్పు కాదు. మాసిన రంగులో ఉండి, మరునాటి ఉదయానికల్లా చెమ్మగిల్లి ముద్దయ్యే పదార్థం. చదువుకునే రోజుల్లో నేను మొదటిసారి చేసిన ప్రయత్నం ఇలాగే ముగిసింది, పైగా అడుగంటిన గిన్నెను చూసి ఇంట్లో పెట్టిన చీవాట్లు అదనం. తప్పు నీటిలో లేదు, ఉప్పులోనూ లేదు. గిన్నెను దించవలసిన సమయంలో దించకపోవడంలో ఉంది. సముద్రం తనలో కరిగించుకున్న పదార్థాలను ఒక్కసారిగా కాక ఒక వరుసలో వదులుతుంది కాబట్టి, ఆ వరుస తెలిసినవారికే మంచి ఉప్పు దొరుకుతుంది. కింద చెప్పిన విధంగా ఒక ఆదివారం ఈ ప్రయోగం చేస్తే, ద్రావణం, సంతృప్తత, వడపోత, స్ఫటికీకరణం, సాంద్రత అనే పాఠ్యపుస్తకపు మాటలన్నీ ఒకే గిన్నెలో కనిపిస్తాయి.

మొదట గిన్నెలో ఏముందో తెలుసుకోండి. సగటు సముద్రపు నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. నిజానికి అక్కడ ఉప్పు ఉప్పుగా ఉండదు, అయాన్లు అనే విద్యుదావేశపు కణాలుగా ఉంటుంది: 19.4 గ్రాముల క్లోరైడ్ అయాన్లు, 10.8 గ్రాముల సోడియం అయాన్లు, 2.7 గ్రాముల సల్ఫేట్, 1.3 గ్రాముల మెగ్నీషియం, 0.4 గ్రాముల చొప్పున కాల్షియం, పొటాషియం అయాన్లు నీటి అణువుల మధ్య విడివిడిగా తిరుగుతూ ఉంటాయి. నీరు తగ్గుతున్నకొద్దీ వీటికి చోటు ఇరుకవుతుంది, అప్పుడు ఏ అయాన్ల జంట నీటిలో అతి తక్కువగా కరుగుతుందో ఆ జంట ముందుగా గట్టిపడి కిందికి దిగుతుంది. నీరు సగానికి తగ్గేసరికి కాల్షియం కార్బొనేట్, ఐదో వంతుకు తగ్గేసరికి కాల్షియం సల్ఫేట్, పదో వంతుకు వచ్చాక మనకు కావలసిన సోడియం క్లోరైడ్ దిగుతాయి. మెగ్నీషియం, పొటాషియం లవణాలు చిట్టచివరి వరకు నీటిని వదలవు. చేదుకూ చెమ్మకూ ముఖ్య కారణం ఈ చివరివే.

కావలసిన సామాను ఇంట్లోనే దొరుకుతుంది. లీటరున్నర పట్టే నిలువుపాటి స్టీలు పాలగిన్నె ఒకటి, చిన్న స్టీలు గిన్నెలు రెండు, గరాటు, ఉతికిన తెల్లని నూలుగుడ్డ, గ్రాములు చూపే వంటింటి త్రాసు, దగ్గుమందు సీసాతో వచ్చే కొలత కప్పు, ఒక వెదురు పుల్ల, లీటరు సీసాలు రెండు ఉంటే చాలు. అల్యూమినియం గిన్నె వాడకండి, ఎందుకంటే చిక్కని ఉప్పునీటిలోని క్లోరైడ్ దాని పైపొరను తినివేసి గుంటలు పెడుతుంది. వేడికి తట్టుకోని మామూలు గాజు పాత్రలను కూడా పొయ్యి మీద పెట్టరాదు. పొయ్యి దగ్గర పని మొదలైనప్పటి నుంచి ముగిసేవరకు పెద్దవారు ఒకరు పక్కన ఉండాలి.

నీరు ఎక్కడ పట్టాలన్నది చిన్న విషయం కాదు. కాలువలు సముద్రంలో కలిసేచోట, చేపలరేవు పరిసరాల్లో, భీమునిపట్నం దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట పట్టిన నీటిలో మురికి గాని మంచినీరు గాని కలిసి ఉంటుంది కాబట్టి లెక్కలు తప్పుతాయి. సాగర్‌నగర్, ఋషికొండ వైపు వానలేని రోజున ఉదయం వేళ పట్టిన నీరు మేలు. ఇక్కడి అల వెనక్కి వెళ్ళేటప్పుడు కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంది. మడమ తడిసే లోతు దాటి వెళ్ళకుండా, పెద్దవారి చేయి పట్టుకుని, వచ్చిన అలలోనే సీసా ముంచండి. ఇంటికి తెచ్చాక రెండు గంటలు కదపకుండా ఉంచితే ఇసుక అడుగున చేరుతుంది, అప్పుడు పైతేటను నెమ్మదిగా వంచుకోండి.

తరువాత నాలుగు మడతలు వేసిన గుడ్డను గరాటులో అమర్చి ఆ నీటిని వడపోయండి. వడపోసిన నీరు కంటికి మంచినీటిలాగే తేటగా కనిపిస్తుంది, కానీ దానిలో ఒక్క చుక్కను నల్లని పళ్ళెం మీద వేసి ఆరనిస్తే తెల్లని మచ్చ మిగులుతుంది. గుడ్డ నూలు సందుల కన్నా ఇసుక రేణువు పెద్దది గనుక ఆగిపోయింది. అయాన్లు నీటి అణువుల స్థాయిలో ఉంటాయి గనుక ఎన్ని మడతలు వేసినా ఆగవు. మిశ్రమంలో కరగని భాగాన్ని వడపోత తీస్తుంది, కరిగిన భాగాన్ని తీయలేదు అన్న వాక్యాన్ని బట్టీ పట్టడం కన్నా ఈ మచ్చను ఒకసారి చూడడం మంచిది.

పొయ్యి వెలిగించే ముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది, నా దృష్టిలో ఈ ప్రయోగంలో అందమైన భాగం అదే. ఒకే లీటరు సీసాను ముందు కుళాయి నీటితో, తరువాత వడపోసిన సముద్రపు నీటితో మూతి దాకా నింపి, రెండుసార్లూ తూచండి. సీసా బరువు రెండింటిలోనూ ఒకటే కాబట్టి తేడా అంతా నీటిదే; ఆ తేడా లీటరుకు 25 గ్రాములకు అటూ ఇటూ వస్తుంది. ఇక్కడ చురుకైన పిల్లలు ఆగి ఒక ప్రశ్న అడగాలి: లీటరులో దాదాపు 36 గ్రాముల లవణాలు ఉన్నాయంటే తేడా 36 గ్రాములు రావాలి కదా, 25 మాత్రమే ఎందుకు వచ్చింది? లవణాలు కరిగినప్పుడు అవి కూడా కొంత చోటు తీసుకుంటాయి, అంతమేరకు ఆ సీసాలో నీరు తక్కువ పడుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద లీటరు మంచినీరు సుమారు 997 గ్రాములు తూగితే, లీటరు సముద్రపు నీటిలో నీరు సుమారు 987 గ్రాములు, లవణాలు 36 గ్రాములు కలిసి 1,023 గ్రాములవుతాయి. ద్రావణి (ఇక్కడ నీరు), ద్రావితం (లవణాలు), ద్రావణం (రెండూ కలిసినది) అనే మూడు మాటలకు అర్థం ఈ కూడికలో ఉంది.

ఇదే తూకాన్ని మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి వేసి చూడండి. నవంబరులో తేడా తగ్గుతుంది, అంటే మన తీరంలో సముద్రం అప్పుడు పలచబడుతుంది. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది బంగాళాఖాతంలో పోసిన మంచినీటిని, వానలు వెనకబట్టాక ఉత్తరం నుంచి దక్షిణానికి సాగే తీరప్రవాహం మన వైపు మోసుకొస్తుంది. అందువల్ల కింద నేను చెప్పే నీటిమట్టాలు వేసవిలో పట్టిన నీటికి సరిపోతాయి. నవంబరు నీటితో చేస్తే ప్రతి దశా మరికొంత మరిగాక గాని రాదు.

ఇప్పుడు కొలపుల్ల తయారుచేసుకోండి. పాలగిన్నెలో కొలత కప్పుతో 120 మిల్లీలీటర్ల మంచినీరు పోసి, వెదురు పుల్లను నిలువుగా ముంచి, తడిసినంత మేరకు పెన్సిలుతో గీత పెట్టండి. ఇలాగే 250, 500 మిల్లీలీటర్ల దగ్గర కూడా గీతలు పెట్టుకుంటే మరుగుతున్న నీరు ఎంత మిగిలిందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. నీటిని పారబోసి, వడపోసిన సముద్రపు నీటిని సరిగ్గా ఒక లీటరు పోసి, మధ్యస్థంగా ఉన్న మంట మీద మూత లేకుండా పెట్టండి. నీరు బాగా తగ్గడానికి గంటకు అటూ ఇటూ పడుతుంది.

నీరు 500 గీత దగ్గరకు వచ్చేసరికి తేట పోయి కొద్దిగా మసకబారుతుంది, గిన్నె గోడకు తెల్లని చార పడుతుంది. అందులో ఉన్నది ముఖ్యంగా కాల్షియం కార్బొనేట్. లీటరుకు పదో వంతు గ్రాము మాత్రమే వస్తుంది కాబట్టి దానిని తూచలేము. తీరంలో ఏరిన గవ్వను గాని ఆల్చిప్పను గాని పొడిచేసి వెనిగర్ చుక్కలు వేస్తే బుడగలు పొంగుతాయి, ఆ చారలో ఉన్న పదార్థమూ గవ్వలో ఉన్న పదార్థమూ ఒకటే. అనంతగిరి కొండల్లోని బొర్రా గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాళ్ళు కూడా ఇదే కాల్షియం కార్బొనేటుతో ఏర్పడ్డాయి, అక్కడ కొండనీరు చేసిన పనిని ఇక్కడ మీ గిన్నె చేస్తున్నది.

నీరు 300 మిల్లీలీటర్లకు తగ్గిందనిపించినప్పుడు మంట ఆపి, గిన్నెను చల్లని నీళ్ళ తొట్టిలో ఉంచి పూర్తిగా చల్లార్చండి. అందులో కొంత ఒక గ్లాసులో పోసి, తాజా పచ్చి కోడిగుడ్డును మెల్లగా వదలండి. గుడ్డు ముట్టని ఇళ్ళలో తొక్కతీసిన బంగాళాదుంప ముక్క కూడా ఇదే పని చేస్తుంది. తాజా గుడ్డు సాంద్రత మిల్లీలీటరుకు సుమారు 1.08 గ్రాములు గనుక మామూలు సముద్రపు నీటిలో అది మునుగుతుంది. నీరు మూడో వంతుకు, నాలుగో వంతుకు మధ్య చిక్కబడినప్పుడు తేలడం మొదలవుతుంది. మొదటిసారి తేలకపోతే గ్లాసులోని నీటిని తిరిగి గిన్నెలో పోసి, 250 గీత దాకా మరిగించి, చల్లార్చి మళ్ళీ చూడండి. పాతబడిన గుడ్డు లోపలి గాలిగది పెరిగి మంచినీటిలోనే తేలుతుంది కాబట్టి ముందుగా కుళాయి నీటిలో మునుగుతుందో లేదో పరీక్షించుకోవాలి. ఇక్కడ గుడ్డు మారలేదు, నీరు మారింది. ఆర్కే బీచ్‌లో ఒడ్డుకు ఎక్కించి 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంచిన ఐఎన్‌ఎస్ కురుసుర జలాంతర్గామి పద్ధతి దీనికి తలకిందులు: నీరు మారదు, జలాంతర్గామే తన తొట్లలోకి నీటిని తీసుకుని బరువెక్కి మునుగుతుంది, గాలితో ఆ నీటిని బయటకు నెట్టి తేలుతుంది.

ఉప్పు మళ్ళలో పనిచేసేవారికి ఈ చిక్కదనమే గడియారం. వారు ద్రవంలో తేలే గాజు గొట్టంతో బోమే అనే డిగ్రీల్లో దానిని కొలుస్తారు; సముద్రపు నీరు మూడున్నర డిగ్రీల దగ్గర ఉంటుంది, సుమారు 25 డిగ్రీల దగ్గర ఉప్పు పడడం మొదలవుతుంది, 29, 30 డిగ్రీలకు చేరేసరికి మిగిలిన నీటిని మడి నుంచి వదిలేస్తారు. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మళ్ళ మీదుగా రైల్లో వెళ్ళినవారు ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న మళ్ళను చూసే ఉంటారు. నీటిని ఒక మడి నుంచి ఇంకొక మడికి మార్చడంలోని రహస్యమంతా మన గిన్నెలో ఇప్పుడు చేయబోయే రెండో వడపోతే.

గిన్నెను మళ్ళీ పొయ్యి మీద పెట్టి, మంట తగ్గించి, నీటిని 120 గీత దాకా రానివ్వండి. ఈలోగా సన్నని తెల్లని పొడి అడుగున చేరుతుంది, అది కాల్షియం సల్ఫేట్. ఎండలో నెమ్మదిగా ఇగిరిన నీటిలోనైతే ఇదే పదార్థం జిప్సమ్ రూపంలో సూదుల వంటి స్ఫటికాలుగా దిగుతుంది. కొద్దిగా చల్లారనిచ్చి, కొత్త గుడ్డ గుండా చిన్న స్టీలు గిన్నెలోకి వడపోయండి. ఈ పొడిని తీసేయకుండా ముందుకు వెళితే అది ఉప్పులో కలిసిపోతుంది, తరువాత వేరు చేయడం కష్టం. ఇంకా ఆలస్యం చేసి వంద మిల్లీలీటర్ల కంటే కిందికి తెచ్చాక వడపోస్తే ఉప్పే గుడ్డలో చిక్కుకుంటుంది. కాబట్టి ఈ గీతను మాత్రం నిర్లక్ష్యం చేయవద్దు.

చిన్న గిన్నెను అతి సన్నని సెగ మీద పెట్టండి. కొద్దిసేపటికి నీటి ఉపరితలం మీద మీగడ తరకలాగా సన్నని పొర కడుతుంది, దానిలోని చిన్న చిన్న చదరాలు బరువెక్కి అడుగుకు జారతాయి. ఇదే సోడియం క్లోరైడ్, ద్రావణం సంతృప్తమైందనడానికి, అంటే ఇక ఉప్పును కరిగించుకోలేని స్థితికి వచ్చిందనడానికి కంటికి కనిపించే గుర్తు. వంద గ్రాముల నీటిలో గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది, మరిగే నీటిలో కూడా 39 గ్రాములకు మించి కరగదు. పటిక అలా కాదు, వేడినీటిలో ఎన్నో రెట్లు ఎక్కువ కరిగి చల్లారగానే స్ఫటికాలు కడుతుంది. అందుకే పటికను చల్లార్చి తీస్తారు, ఉప్పును నీరు ఇగిర్చి తీయాలి. ఈ దశలో అడుగున చేరిన ఉప్పు కింద ఆవిరి చిక్కుకుని నీరు చిటపటమని చిమ్ముతుంది కనుక ముఖం దూరంగా ఉంచి, పొడవాటి చెంచాతో కలుపుతూ ఉండండి. చిమ్మిన చుక్క మంటలో పడినప్పుడు నీలి మంట ఒక్కసారిగా పసుపు రంగుకు మారడం చూస్తారు. అది సోడియం సంతకం. ఒకప్పటి వీధిదీపాల పసుపు వెలుతురు కూడా సోడియం ఆవిరి నుంచి వచ్చిందే.

గిన్నెలో ఇంకా రెండు మూడు పెద్ద చెంచాల ద్రవం, అంటే సుమారు 40 మిల్లీలీటర్లు ఉండగానే పొయ్యి ఆపేయండి. ఇంకా ఉప్పు ఉంది కదా, పారబోయడం ఎందుకన్న ఆశ ఇక్కడే పుడుతుంది, నన్ను చెడగొట్టింది కూడా అదే. ఆ ద్రవంలో ఎనిమిది, పది గ్రాముల ఉప్పు మిగిలి ఉన్నమాట నిజమే, కానీ మీ లీటరు నీటిలోని మెగ్నీషియం దాదాపు అంతా కూడా అందులోనే ఉంది. చల్లారాక గుడ్డలో వడపోసి, చేదు ద్రవాన్ని వేరే గిన్నెలోకి వెళ్ళనివ్వండి.

గుడ్డలో మిగిలిన స్ఫటికాలకు ఆ ద్రవం ఇంకా అంటుకునే ఉంటుంది. దానిని కుళాయి నీటితో కడిగితే ఉప్పే కరిగిపోతుంది. అందుకు బదులు, వంద మిల్లీలీటర్ల మంచినీటిలో నలభై గ్రాముల అంగడి ఉప్పు వేసి బాగా కలిపి, కరగక మిగిలినదాన్ని అడుగున వదిలి పైతేటను తీసుకోండి. ఈ సంతృప్త ద్రావణాన్ని రెండు చెంచాలు స్ఫటికాల మీద పోస్తే, ఇక ఉప్పును కరిగించుకునే శక్తి దానికి లేదు గనుక ఉప్పును ముట్టదు, మెగ్నీషియాన్ని మాత్రం తనతో తీసుకుపోతుంది. సంతృప్తత అనే మాటకు ఇంతకన్నా మంచి ఉపయోగం బడిలో నాకు ఎవరూ చూపలేదు.

ఇప్పుడు ఆ ఉప్పును పళ్ళెంలో పలుచగా పరచి, మధ్యాహ్నపు ఎండలో డాబా మీద ఆరబెట్టండి. ఆరాక తూచితే ఇరవై గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. లీటరులో సోడియం క్లోరైడ్‌గా రాదగినది సుమారు 28 గ్రాములు కాబట్టి మూడింట రెండు వంతులు చేతికి వచ్చినట్టు. లీటరు నీటిని ఇంతగా ఇగిర్చడానికి ఎనభై, తొంభై గ్రాముల వంటగ్యాస్ ఖర్చవుతుంది. ఈ లెక్కన 14.2 కిలోల సిలిండరు మొత్తం వాడినా మూడు, మూడున్నర కిలోల ఉప్పు మాత్రమే వస్తుంది. ఎండ లేకపోతే ఉప్పు ధర ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఎండలోనే ఆరబెట్టమనడానికి వేరే కారణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే శుద్ధమైన ఉప్పు కూడా ఆరదు, పైగా గాలి నుంచే నీటిని పీల్చుకుంటుంది. విశాఖలో సాయంత్రాలు ఆ హద్దును దాటడం మామూలే, అందుకే ఇక్కడి వంటిళ్ళలో ఉప్పుజాడీ చెమ్మగిల్లుతుంది. మెగ్నీషియం క్లోరైడ్ విషయానికి వస్తే దాని హద్దు 33 శాతమే, అంటే మన ఊళ్ళో అది పొడిగా ఉండే రోజు దాదాపు లేదు. దీనిని కళ్ళతో చూడాలంటే, శుద్ధిచేసిన ఉప్పును చిటికెడు, పక్కకు తీసిన చేదు ద్రవాన్ని నాలుగు చుక్కలు వేరువేరు మూతల్లో వేసి రాత్రంతా కిటికీ దగ్గర ఉంచండి. ఉదయానికి ఉప్పు కొద్దిగా తడిసి ఉండవచ్చు, ఎండ తగలగానే ఆరిపోతుంది. చేదు ద్రవం మాత్రం ఎన్ని రోజులు ఉంచినా జిగటగానే ఉంటుంది.

అందమైన స్ఫటికాలు కావాలంటే ఆరిన ఉప్పులో పది గ్రాములు తీసుకుని ముప్పై మిల్లీలీటర్ల వడపోసిన నీటిలో కరిగించి, గుడ్డలో మరోసారి వడపోసి, వెడల్పాటి సాసరులో పోసి, ఎండ తగిలే కిటికీలో కదపకుండా ఉంచండి. మూడు నాలుగు రోజుల్లో చదరపు గళ్ళు తేలతాయి. భూతద్దంతో చూస్తే కొన్నిటి మధ్యభాగం మెట్లమెట్లుగా లోపలికి దిగి ఉంటుంది, అంచులకు మధ్యకన్నా వేగంగా అయాన్లు అందడమే దానికి కారణం. సోడియం, క్లోరైడ్ అయాన్లు ఒకదాని పక్కన ఒకటిగా ఘనాకారంలో పేర్చుకుంటాయి కాబట్టి ఎంత చిన్న గళ్ళైనా మూలలు సూటిగానే ఉంటాయి.

ఒక హెచ్చరిక తప్పనిసరి. ఉప్పునీటిలో బ్యాటరీ తీగలు ముంచితే ఏమవుతుందో చూడాలని కొందరికి అనిపిస్తుంది. అక్కడ పుట్టేది క్లోరిన్ వాయువు, మూసిన గదిలో అది ప్రమాదకరం, కాబట్టి ఆ ప్రయోగం ఇంట్లో వద్దు. వాడిన గిన్నెలను వెంటనే మంచినీటితో కడిగేయండి, చేదు ద్రవంలో బకెట్టెడు నీళ్ళు కలిపి కాలువలో పోయండి, మొక్కల పాదుల్లో పోయకండి. తీరపు నీటిలో ఏమేమి కలిసి ఉంటాయో వడపోతకు తెలియదు, దీనిలో అయోడిన్ కలపలేదు కూడా. అందుచేత వచ్చిన ఉప్పును బిగుతైన మూత ఉన్న సీసాలో పోసి, నీరు పట్టిన చోటు, తేదీ, సీసా తూకంలో వచ్చిన తేడా, చివరి బరువు రాసిన చీటీ అంటించి, ఆ చీటీ మీద పెద్ద అక్షరాలతో ‘తినరాదు’ అని రాసి, వంటింట్లో కాకుండా పుస్తకాల అలమారలో పెట్టుకోండి.